పాతిక డాలర్ల ఫోను కథ

2024 జూన్ నెలాఖర్లో కైఓఎస్ ఫోన్లకి వాట్సాప్ డౌన్‌లోడ్ ఆపేశారు. అప్పటికే ఫోనులో ఉన్నవాళ్ళకి 2025 మొదటి నెలల దాకా గడువిచ్చారు. ఆ గడువూ అయిపోయింది. ఐఫోనుకి చార్జింగ్ రంధ్రం మారితే వారం రోజులు క్యాంటీన్లో చర్చలు చేసిన మనవాళ్ళలో ఈ సంగతి ఒక్కరి నోటా వినలేదు నేను. నేనే కదిపితే, "కైఓఎస్ అంటే ఏంటి?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. అందరూ సాఫ్ట్‌వేర్‌ వాళ్ళే! "జియోఫోన్లో ఉండేది" అన్నాక "ఓ, ఆ డబ్బా ఫోనా" అన్నారు.

ఆ డబ్బా ఫోను వంశవృక్షం చూస్తే మతిపోతుంది. దాన్లో నడిచే కోడు రాయడం మొదలుపెట్టినవాళ్ళలో జావాస్క్రిప్ట్ సృష్టికర్త ఉన్నాడు. ఆ కోడు ఒకసారి ఘోరంగా ఓడిపోయింది, చచ్చిపోయిందని ప్రకటించారు కూడా. తర్వాత ఓ చిన్న స్టార్టప్ దాన్ని తీసుకుని పది కోట్ల ఫోన్లలోకి ఎక్కించింది. ఓడినప్పుడూ గెలిచినప్పుడూ కోడు దాదాపు ఒక్కటే, చిప్పు చేసిన కంపెనీ కూడా చాలావరకు ఒక్కటే. మరి తేడా ఎక్కడొచ్చింది? నాకర్థమైనంతలో, ఫోను అసలు ఖరీదుకీ పేదవాడు ఇవ్వగలిగిన డబ్బుకీ మధ్య ఉన్న ఖాళీని ఎవరు పూడ్చారు అన్న దగ్గరొచ్చింది. పూడ్చినవాడే ఫోనుకి యజమాని అయ్యాడు. చేతిలో పట్టుకున్నవాడు కాదు.

మొదట్నుంచీ చెప్తాను.

2011 జులై 25న మొజిల్లా ఇంజినీరు ఆండ్రియాస్ గాల్, వాళ్ళ డెవలపర్ల మెయిలింగ్ లిస్టుకి ఓ మెయిల్ రాశాడు. ప్రాజెక్టు పేరు 'బూట్ టు గెకో'. గెకో అంటే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ లోపలుండే ఇంజిన్. ఆలోచన చాలా సింపుల్. ఫోను ఆన్ చేస్తే లినక్స్ కెర్నెల్ లేస్తుంది, దాని మీద నేరుగా బ్రౌజర్ ఇంజిన్ లేస్తుంది, అంతే. మధ్యలో జావా లేదు, ఇంకో లోకం లేదు. డయలర్, కెమెరా, లాక్ స్క్రీన్, అన్నీ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌తో రాసిన వెబ్ పేజీలే. ఆ మెయిల్లో గాల్‌తో పాటు క్రిస్ జోన్స్, బ్రెండన్ ఐక్, మైక్ షేవర్ పేర్లున్నాయి. ఐక్ అంటే 1995లో జావాస్క్రిప్ట్ రాసిన ఆ ఐకే.

ఎందుకు చేశారంటే, మొజిల్లాకి భయం పట్టుకుంది. డెస్క్‌టాప్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టింది వాళ్ళే. అంతలో జనం ఫోన్లకి వెళ్ళిపోతున్నారు. అక్కడ యాపిల్ వాడి దుకాణం ఒకటి, గూగుల్ వాడి దుకాణం ఒకటి. ఎవడి గేటు వాడిది. ఐఫోన్లో అయితే అప్పట్లో సొంత బ్రౌజర్ ఇంజిన్ పెట్టనిచ్చేవారు కాదు కూడా. 'వెబ్ ఏ ఒక్కడిదీ కాదు' అని నమ్మినవాళ్ళకి ఇది మింగుడుపడలేదు. యాప్ కావాలంటే ఎవడి అనుమతీ లేకుండా ఓ యూఆర్ఎల్ నుంచి దించుకునే ఫోను కావాలన్నారు.

2012లో దానికి ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అని పేరు పెట్టారు. 2013 జులైలో స్పెయిన్‌లో టెలిఫోనికా వాళ్ళు జడ్‌టీఈ ఓపెన్ అనే ఫోను 69 యూరోలకి అమ్మారు. అదే నెల పోలండ్‌లో ఆల్కటెల్ వన్ టచ్ ఫైర్, ఆగస్టులో కొలంబియా, వెనిజులా. దేశాల పేర్లు గమనించారా? అమెరికా లేదు, జపాన్ లేదు. అప్పటికే ఐఫోన్లు, గెలాక్సీలు ఉన్నచోట మూడోవాడికి చోటు లేదని తెలిసే, ఇంకా స్మార్ట్‌ఫోన్ కొననివాళ్ళ దగ్గరికి వెళ్ళారు. టెలికాం కంపెనీలు కూడా ఉత్సాహంగానే వచ్చాయి. వాళ్ళకి వెబ్ మీద ప్రేమేం కాదు. గూగుల్, యాపిల్ తమ నెత్తికెక్కి కూర్చున్నాయన్న ఉక్రోషం.

ఇక 2014 ఫిబ్రవరి. బార్సిలోనాలో మొబైల్ వరల్డ్ కాంగ్రెస్. స్ప్రెడ్‌ట్రమ్ అనే చైనా చిప్పుల కంపెనీతో కలిసి మొజిల్లా ప్రకటించింది: పాతిక డాలర్ల స్మార్ట్‌ఫోన్! అప్పటి రేటులో సుమారు పదిహేను వందల రూపాయలు. పేపర్ల నిండా అదే. విచిత్రం చూడండి, సరిగ్గా అదే వారంలో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకి వాట్సాప్‌ని కొంటున్నట్టు ప్రకటించింది. ఈ రెండు వార్తలకీ సంబంధం ఉందని ఆ రోజు ఎవరూ అనుకుని ఉండరు.

ఇక్కడ ఇంజినీర్లకి కాస్త ఆగి చూడదగ్గ విషయం ఉంది. పాతిక డాలర్లకి రావాలంటే ర్యామ్ కోయాలి. అప్పటిదాకా ఫైర్‌ఫాక్స్ ఓఎస్ 256 ఎంబీలో నడిచేది. దాన్ని 128కి దించాలి. ఆ పనికి 'తరకో' అని ముద్దుపేరు పెట్టారు, వెర్షన్ 1.3టీ. ఆ 128 కూడా మొత్తం మనకి దొరకదు. మోడెం, కెర్నెల్, గ్రాఫిక్స్ ఎవరి వాటా వాళ్ళు లాక్కోగా మిగిలినదాన్లో ఓ పూర్తి స్థాయి బ్రౌజర్ ఇంజిన్, దాని మీద హోమ్ స్క్రీన్, దాని మీద మనం తెరిచిన యాప్. ఒక్కో యాప్ ఒక్కో ప్రాసెస్. ప్రతిదీ మొదట్నుంచీ లోడ్ అయితే జ్ఞాపకశక్తి ఎక్కడ సరిపోతుంది? అందుకని ముందే అన్నీ లోడ్ చేసిన ఓ మూస ప్రాసెస్‌ని సిద్ధంగా పెట్టుకుని, యాప్ తెరవగానే దాన్ని ఫోర్క్ చేసేవాళ్ళు. పేజీలు పంచుకుంటాయి కాబట్టి ర్యామ్ మిగులుతుంది. అది చాలక జెడ్‌ర్యామ్ పెట్టి, వాడని పేజీల్ని ర్యామ్‌లోనే కుదించి దాచారు. ఈ రోజు ఓ చాట్ అప్లికేషన్ ఒక్కటే మన ల్యాప్‌టాప్‌లో ఒక జీబీ మింగుతుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. ఆ తరకో కోడు చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

కానీ దణ్ణాలతో ఫోన్లు అమ్ముడుపోవు కదా.

మన దేశంలో 2014 ఆగస్టు చివర్లో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ వచ్చింది. ధర 1,999. స్నాప్‌డీల్లో అమ్మారు. మూడున్నర అంగుళాల తెర, 128 ఎంబీ ర్యామ్, రెండు సిమ్ములు, 2 మెగాపిక్సెల్ కెమెరా, 2జీ మాత్రమే. వారంలోపే స్పైస్ వాళ్ళది 2,299కి ఇంకోటి. చూశారా, పాతిక డాలర్ల ఫోను కాస్తా షాపుకి వచ్చేసరికి ముప్పైమూడు డాలర్లయింది. పాతిక అన్నది రూపకల్పన దశలో వేసిన లెక్క. దానిమీద పన్నులు, రవాణా, దుకాణదారు కమీషను, వారంటీ ఖర్చు, కంపెనీ లాభం ఎక్కాలి. ఈ ఖాళీని పూడ్చేవాడు ఎవడూ లేడు. ఇంటెక్స్‌కి అంత స్తోమత లేదు, మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థ.

అప్పుడు నేను ఇంజినీరింగ్‌లో కొత్తగా చేరాను. హాస్టల్లో ఈ ఫోను గురించి జరిగిన చర్చ మొత్తం ఒక్క ప్రశ్నతో తేలిపోయింది: "వాట్సాప్ ఉందా?" లేదు. అదే డబ్బుకి కొంచెం అటూ ఇటూగా దొరికే పాత రకం నోకియా ఫోన్లలో ఉంది. ఇంకో ఏడెనిమిది వందలు వేసుకుంటే ఏదో ఒక దేశవాళీ బ్రాండు ఆండ్రాయిడ్ ఫోను వస్తుంది, దాన్లోనూ ఉంది. మొజిల్లా పేజీల కొద్దీ వెబ్ స్వేచ్ఛ గురించి రాసింది. అయితే మా వింగ్‌లో అందరి లోకం ఓ ఆకుపచ్చ ఐకాన్ వెనకాల ఉంది, దాని యజమాని ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌కి యాప్ రాయలేదు. ఫోను కొనేవాడు తక్కువ కాబట్టి యాప్ రాయరు, యాప్ లేదు కాబట్టి ఫోను కొనరు. చెట్టు ముందా విత్తు ముందా!

గూగుల్ కూడా అదే సెప్టెంబరులో ఢిల్లీలో ఆండ్రాయిడ్ వన్ అని మొదలుపెట్టింది. సుందర్ పిచ్చాయ్ స్వయంగా వచ్చాడు. ఫోన్ల ధర 6,399 నుంచి. నా దృష్టిలో అది చవక ఫోను కాదు, మధ్యతరగతి ఫోనుకి కాస్త తగ్గింపు ధర. అదీ పెద్దగా ఆడలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు.

2015 మేలో మొజిల్లా అధిపతి క్రిస్ బియర్డ్, పాతిక డాలర్ల దారి వదిలేస్తున్నామని తన వాళ్ళకి రాశాడు. డిసెంబరులో ఇక ఫోన్లే చెయ్యమని ప్రకటించారు. 2016లో బూట్ టు గెకో కోడుని ఫైర్‌ఫాక్స్ అసలు సోర్సులోంచి పీకేయాలని నిర్ణయించారు. మధ్యలో మొజిల్లా మాజీ అధ్యక్షుడు లీ గాంగ్, ఎకడైన్ అని హాంగ్‌కాంగ్‌లో ఓ స్టార్టప్ పెట్టి, ఇదే కోడు మీద ఇంకో ఓఎస్ చేస్తానన్నాడు. చైనా నుంచి పది కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటన వచ్చింది, ఏడాది తిరిగేసరికి కంపెనీ మూతపడింది. అలా రెండుసార్లు చచ్చిందన్నమాట.

మూడోసారి పట్టుకున్నవాళ్ళే మన కథానాయకులు. కైఓఎస్ టెక్నాలజీస్. ఆల్కటెల్ బ్రాండు ఫోన్లు చేసే టీసీఎల్‌లో పనిచేసి వచ్చిన సెబాస్టియన్ కోడ్‌విల్ అప్పట్లో దీని అధిపతి, ఆఫీసు అప్పట్లో అమెరికాలో శాన్ డియేగో. వీళ్ళు చేసిన పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: టచ్ స్క్రీన్ తీసేశారు.

నవ్వొస్తుంది గానీ, నాకైతే ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదే. మొజిల్లా వాళ్ళు చవక ఐఫోన్ చెయ్యాలని చూశారు. చవక ఐఫోన్ ఎప్పుడూ నాసిరకం ఐఫోన్‌లాగే ఉంటుంది, కొన్నవాడికి రోజూ అది గుర్తొస్తూనే ఉంటుంది. కైఓఎస్ వాళ్ళు అటు పోలేదు. జనానికి అలవాటైన కీప్యాడ్ ఫోను తీసుకుని దానికి ఇంటర్నెట్ తగిలించారు. తెర రెండున్నర అంగుళాల లోపు, 240 బై 320. టచ్ ప్యానెల్ ఖర్చు లేదు. తెర చిన్నది కాబట్టి బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. కిందపడితే పగలడానికి పెద్ద అద్దమూ లేదు. ఇన్నేళ్ళూ నొక్కిన నంబర్లే, అదే బొటనవేలు. నేర్చుకోవాల్సింది తక్కువ.

డెవలపర్‌కి మాత్రం చుక్కలు కనపడతాయి. టచ్ కోసం రాసిన వెబ్ యాప్ దీన్లో యథాతథంగా నడవదు. ప్రతి బటనుకీ ఫోకస్ ఎటు పోవాలో రాయాలి, తెర అడుగున ఎడమ కీ ఏం చేస్తుంది, మధ్య కీ ఏం చేస్తుంది, కుడి కీ ఏం చేస్తుంది అని ప్రతి పేజీకీ చెప్పాలి. అయినా అది జావాస్క్రిప్టే కదా, వచ్చినవాళ్ళు కోట్లమంది. ఈ లాభం మాత్రం మొజిల్లా పెట్టిన భిక్షే.

ఇంకో భిక్ష ఉంది, తెలుగువాళ్ళం చెప్పుకోవాల్సింది. పాత జావా ఫోన్లలో తెలుగు సైటు చదవాలంటే ఒపెరా మినీలో 'ఒపెరా:కాన్ఫిగ్' అని కొట్టి, సంక్లిష్ట లిపులకి బొమ్మ ఫాంట్లు వాడమని సెట్టింగ్ మార్చుకునేవాళ్ళం, గుర్తుందా? లేకపోతే అన్నీ డబ్బాలే. అప్పటి చవక ఫోన్లలో ఒత్తులు విడిపోయి అక్షరాల పక్కన నిలబడేవి. గెకోలో మాత్రం డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్ కోసం ఎప్పుడో హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే ఇంజిన్ చేర్చారు. అదే కోడు కాబట్టి, ఆ చిన్న తెర మీద కూడా 'రాష్ట్రం' అన్న మాట రాష్ట్రంలాగే కనపడింది. ఎవరో ఎక్కడో పెద్ద కంప్యూటర్ కోసం చేసిన పని, పదిహేను వందల ఫోనులో మా పిన్నికి తెలుగు చూపించింది. ఓపెన్ సోర్స్ గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకింత బాగా ఎక్కలేదు.

సరే, ఇప్పుడు అసలు ఘట్టం. 2017 జులై 21, రిలయన్స్ వార్షిక సమావేశం. దేశంలో 78 కోట్ల ఫోన్లుంటే వాటిలో 50 కోట్లు మామూలు ఫీచర్ ఫోన్లే అన్నారు ముఖేష్ అంబానీ. ఆ 50 కోట్లు ఆయనకి ఎందుకు బాధంటే, జియోకి 2జీ లేదు, 3జీ లేదు. 2016 సెప్టెంబరులో మొదలైన ఆ నెట్‌వర్క్ అప్పట్లో మొత్తం 4జీయే. మాట కూడా డేటా మీదే వెళ్తుంది. మామూలు కీప్యాడ్ ఫోనులో జియో సిమ్ వేస్తే అది అట్టముక్కతో సమానం. అంటే దేశంలో సగానికి పైగా ఫోన్లు ఆయన నెట్‌వర్క్‌లోకి రాలేవు. లక్షల కోట్లు పోసి రోడ్డేశాక, దాని మీద నడిచే బండి జనం దగ్గర లేదని తేలితే ఏం చేస్తారు? బండి కూడా మీరే ఇస్తారు.

అలా వచ్చింది జియోఫోన్. 512 ఎంబీ ర్యామ్, 4జీ, 22 భారతీయ భాషలు. లోపల కైఓఎస్. చిప్పు కొన్నిటిలో క్వాల్‌కామ్, కొన్నిటిలో స్ప్రెడ్‌ట్రమ్. అవును, పాతిక డాలర్ల ఫోనుకి చిప్పు చేసిన ఆ స్ప్రెడ్‌ట్రమే. ధర సున్నా అన్నారు! 1,500 డిపాజిట్ కట్టాలి, మూడేళ్ళ తర్వాత ఫోను తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి.

నిబంధనలు తర్వాత మెల్లగా బయటికొచ్చాయి. ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీచార్జ్ చెయ్యాలి, లేకపోతే ఫోను వెనక్కి తీసుకునే హక్కు కంపెనీకి ఉంది. ముందే తిరిగిచ్చేస్తే ఎదురు కట్టాలి. మొదట ప్రకటించిన ప్యాక్ నెలకి 153. మూడేళ్ళకి 36 నెలలు, గుణించుకోండి: 5,508 రూపాయలు. (2018 జనవరిలో 49 రూపాయల ప్యాక్ వచ్చాక ఈ లెక్క బాగా తగ్గింది, అది న్యాయంగా చెప్పాలి.) ఒకటే సిమ్, అది కూడా జియోదే ఉండాలి. ఇదీ సూత్రం. ఇంటెక్స్ దగ్గర పూడ్చేవాడు లేని ఖాళీని ఇక్కడ టెలికాం కంపెనీ పూడ్చింది, దాన్ని రీచార్జుల రూపంలో రాబట్టుకుంది. ఫోను నష్టానికిచ్చినా నెట్‌వర్క్‌లో లాభం.

మీలో పెద్దవాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టుంది కదూ? 2003 జులైలో రిలయన్స్ ఇన్ఫోకామ్ 'మాన్‌సూన్ హంగామా' అని 501 రూపాయలకి సీడీఎంఏ ఫోను చేతిలో పెట్టింది. నేనప్పుడు ఒకటో తరగతో రెండో తరగతో. ఆ ఫోన్లూ ఆ కంపెనీ నెట్‌వర్క్‌కే పనిచేసేవి, ఫోనూ కనెక్షనూ ఒకటే ముద్ద. కాకపోతే అప్పుడు నెలాఖర్న బిల్లొచ్చే పద్ధతి. ఎంతోమంది ఫోను పుచ్చుకుని బిల్లు ఎగ్గొట్టారు, కంపెనీకి మొండి బాకీలు మిగిలాయి. పధ్నాలుగేళ్ళ తర్వాత అదే ఆట, ఈసారి డిపాజిట్ ముందు, రీచార్జ్ ముందు. పాఠం బాగానే నేర్చుకున్నారు. 2018లో పాత ఫోను తెచ్చిస్తే 501కి జియోఫోన్ అని స్కీమ్ పెట్టి దానికి పేరేం పెట్టారనుకున్నారు? మాన్‌సూన్ హంగామా! అంకె కూడా మార్చలేదు.

ఫలితం మాత్రం అసాధారణం. 2018లో మన దేశంలో మొబైల్ ఇంటర్నెట్ వాడకంలో ఆండ్రాయిడ్ తర్వాతి స్థానం కైఓఎస్‌ది అయింది, ఐఫోన్ దాని వెనకాల. ఫేస్‌బుక్, యూట్యూబ్, గూగుల్ మ్యాప్స్, అన్నీ క్యూ కట్టాయి. 2018 సెప్టెంబరులో వాట్సాప్ వచ్చింది. మొజిల్లా కాళ్ళావేళ్ళా పడ్డా రానిది, కోట్ల ఫోన్లు కనపడేసరికి దానంతటదే నడిచొచ్చింది. రేపల్లె దగ్గర మా పిన్ని ఆ ఫోనుతోనే మొదటిసారి వాట్సాప్‌లోకి వచ్చింది. నంబర్ల కీల మీద తెలుగు టైపు చెయ్యడం, ఒక్కో అక్షరానికి నాలుగైదు నొక్కులు, ఒత్తు వస్తే ఇంకో రెండు, ఎవరి వల్ల అవుతుంది? ఆవిడ ఆ తంటా పడలేదు. నేరుగా వాయిస్ మెసేజ్. "ఒరే నాన్నా, తిన్నావా, ఇక్కడ వాన" అని పొద్దున్నే ఓ పది సెకన్లు. మా చుట్టాల గ్రూపులో సగం మంది అలాగే మాట్లాడేవాళ్ళు. కీప్యాడ్ చేసిన ఇబ్బందిని మైకు తీర్చింది.

పెట్టుబడులు కూడా వచ్చాయి. 2018 మార్చిలో రిలయన్స్ రిటైల్ 70 లక్షల డాలర్లకి కైఓఎస్‌లో 16 శాతం వాటా తీసుకుంది. జూన్‌లో గూగుల్ 2 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టింది. ఆఫ్రికాలో 2018–19ల్లో ఎంటీఎన్, ఆరెంజ్ కంపెనీలు ఇరవై డాలర్ల కైఓఎస్ ఫోన్లు తెచ్చాయి. అక్కడా అదే సూత్రం, వెనకాల ఓ టెలికాం కంపెనీ. పాతిక డాలర్ల కల నిజంగా ఇరవైకే నెరవేరింది!

కానీ ఏ కల? ఎవడి అనుమతీ లేకుండా యూఆర్ఎల్ నుంచి యాప్ దించుకునే ఫోను కావాలని కదా మొదలైంది. జియోఫోన్లో యాప్ పెట్టాలంటే జియో స్టోర్ ఒక్కటే దారి. డెవలపర్ మోడ్ మూసేశారు. 'బనానా హ్యాకర్స్' అని కొందరు ఔత్సాహికులు తాళాలు పగలగొట్టే చిట్కాలు పోగేసేవాళ్ళు, తను కొనుక్కున్న ఫోనులో తను రాసిన హెలో వరల్డ్ నడపడానికి! ఇది చట్టవిరుద్ధంగా ఏమీ జరగలేదు. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ పైపొర, అంటే తెర మీద కనపడే యాప్‌లన్నీ కలిపి గయా అనేవాళ్ళు, దాన్ని మొజిల్లా అపాచీ లైసెన్సు కింద ఇచ్చింది. అపాచీ అంటే తీసుకో, మార్చుకో, మూసుకో, తిరిగివ్వక్కర్లేదు. కంపెనీలు జడుసుకోకుండా ఉంటాయని అలా ఇచ్చారు. కంపెనీలు నిజంగానే జడుసుకోలేదు. లైసెన్సు ఏది పెట్టాలి అని గిట్‌హబ్‌లో డ్రాప్‌డౌన్ చూసి ఒక్క సెకనులో ఎంచుకుంటాం మనం. ఆ సెకను తర్వాత ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే ఈ ఫోనే సాక్ష్యం.

ఇంకోటి కూడా ఉంది. గెకో వెర్షన్ 48, 2016 నాటిది. ఫైర్‌ఫాక్స్ నెలనెలా ముందుకెళ్తుంటే ఈ ఫోన్లలో ఇంజిన్ అక్కడే ఆగిపోయింది. 2020 మార్చిలో మొజిల్లా, కైఓఎస్ చేతులు కలిపి పైకి తేవడం మొదలుపెట్టారు, 2021లో కైఓఎస్ 3 గెకో 84తో వచ్చింది. పాత జియోఫోన్లకి మాత్రం అది అందలేదు.

2020 జులైలో కథ మలుపు తిరిగింది. జియోలో గూగుల్ 33,737 కోట్లు పెట్టి 7.7 శాతం కొంది. పది కోట్ల జియోఫోన్లు అమ్మామని అదే సమావేశంలో చెప్పారు. అక్కడే, గూగుల్‌తో కలిసి చవక ఆండ్రాయిడ్ ఫోను చేస్తామని కూడా చెప్పారు. కైఓఎస్ వాళ్ళకి ఆ రోజు రాత్రి నిద్ర పట్టి ఉండదు. అదే 2021 దీపావళికి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్. ధర 6,499. వాయిదాల్లో అయితే ముందు 1,999, ప్రాసెసింగ్ ఫీజు 501 (మళ్ళీ 501!), తర్వాత నెలనెలా కిస్తీలు. చిప్పుల కొరత కూడా తోడయింది గానీ, అది లేకపోయినా ఆండ్రాయిడ్ పదిహేను వందలకి దిగదు. టచ్ తెర, 2 జీబీ ర్యామ్ అనేసరికి నేల అక్కడుంది. కీప్యాడ్ ఫోను వాడేవాళ్ళు అంత మెట్టు ఎక్కలేదు. 2023 జులైలో జియో మళ్ళీ కిందికి దిగి 999కి జియోభారత్ తెచ్చింది. అదీ కీప్యాడే. దాన్లో కైఓఎస్ కూడా లేదు, ఇంకా చిన్న ఓఎస్, వాళ్ళ సొంత యాప్‌లు. ఆ లెక్కలోంచి 'వెబ్' అనేదే ఎగిరిపోయింది.

ఇక మొదట చెప్పిన వాట్సాప్ సంగతి. 2023 అక్టోబరులో జియోఫోన్ ప్రైమా అని 2,599కి ఇంకో కైఓఎస్ ఫోను పరిచయం చేశారు. ప్రకటనల్లో వాట్సాప్ పేరు పెద్దగా ఉంది. అప్పటికి ఎనిమిది నెలలకి స్టోర్లోంచి వాట్సాప్ మాయం. ఈ నిర్ణయం ఎలా జరిగి ఉంటుందో మనకెవరూ చెప్పక్కర్లేదు, మన ఆఫీసుల్లో రోజూ చూసేదే. ఓ డ్యాష్‌బోర్డు ఉంటుంది. ఏ ప్లాట్‌ఫాం మీద ఎంతమంది అని గీతలుంటాయి. అడుగున ఒక గీత తగ్గుతూ ఉంటుంది. దానికి వేరే కోడ్‌బేస్, వేరే టెస్టింగ్, పాత ఇంజిన్, కొత్త ఎన్‌క్రిప్షన్ మార్పులు అక్కడ పెట్టాలంటే తలనొప్పి. ఇద్దరు ఇంజినీర్లని అటు కేటాయించాలా, ఏఐ ఫీచర్‌కి కేటాయించాలా అని ప్లానింగ్ మీటింగ్‌లో ప్రశ్నొస్తుంది. జవాబు మీకు తెలుసు. నోకియా ఎస్40 ఫోన్లకి 2018 డిసెంబరు 31న జరిగిందీ అదే. ఆ మీటింగ్‌లో ఎవరూ దుర్మార్గులు కారు, లెక్క కూడా తప్పు కాదు. కాకపోతే ఆ గీతలో ఉన్నవాళ్ళకి 'అప్‌డేట్ చేసుకోండి' అంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళడం కాదు, ఇంకో ఆరేడు వేలు పెట్టడం. కూలి రేట్లతో భాగిస్తే ఎన్ని రోజులో మీరే చూడండి.

మొజిల్లా వాళ్ళు కోరుకున్నట్టే జరిగి, ఆ ఫోను నిజంగా తెరిచి ఉంటే, ఎవరో ఒకరు ఇంకో మెసేజింగ్ యాప్ రాసి ఓ యూఆర్ఎల్‌లో పెట్టేవాళ్ళు, పిన్ని ఆ లింకు నొక్కేది. వాట్సాప్ లేని లోటు పూర్తిగా తీరేది కాదు, చుట్టాలందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు కాబట్టి. కానీ ప్రయత్నించడానికి తలుపంటూ ఉండేది. మరోపక్క, అంత తెరిచి ఉంటే రిలయన్స్ ఆ ఫోనుని 1,500కి ఇచ్చేదా? ఇచ్చేది కాదు. తాళం వేసుకునే హక్కు కోసమే కదా ఖాళీ పూడ్చింది. ఈ ముడి నాకు ఎంత ఆలోచించినా విడలేదు. ప్రభుత్వం పూడ్చితే? ఉచిత ఫోన్ల పథకాలు చాలా రాష్ట్రాలు పెట్టాయి, వాటి మీద ఇంకో టపా రాయాలి. ఓపిక ఉంటే రాస్తాను.

అసలు కోడు మాత్రం పూర్తిగా పోలేదు. మొజిల్లాలో మొదట్నుంచీ దీని మీద పనిచేసి, తర్వాత కైఓఎస్‌లోనూ పనిచేసిన ఫాబ్రిస్ డెజ్రే అనే ఇంజినీరు, దాన్ని కాప్యలూన్ అన్న పేరుతో ఓపెన్ సోర్స్‌గా కొనసాగించాడు. డెస్క్‌టాప్ మీద కూడా నడుస్తుంది, ఓ ఆదివారం మధ్యాహ్నం సరదాగా పెట్టుకుని చూడొచ్చు.

మీలో ఎవరైనా జియోఫోనుకో, మరే కైఓఎస్ ఫోనుకో యాప్ రాసినవాళ్ళుంటే చెప్పండి. ముఖ్యంగా ఆ నంబర్ల కీల తెలుగు కీబోర్డు మీద పనిచేసినవాళ్ళుంటే. గుణింతాలకి ఆ క్రమం ఎలా నిర్ణయించారో తెలుసుకోవాలని నాకు చాలా రోజుల్నుంచీ కోరిక.